కట్టెల కొట్టంలో కోటు

ఇళ్ళ గురించి వడ్రంగి తౌనో కెత్తులా ఒక మాట అన్నాడంటే హాపవారా పల్లెలో దానికి తిరుగులేదు. పొయ్యి పొగ ఎందుకు వెనక్కి తంతోంది, కిటికీ అద్దానికి లోపలి వైపు మంచు ఎందుకు పడుతోంది, పునాది ఏ మూల కుంగుతోంది, అన్నీ అతన్నే అడగాలి. పాస్టరుగారి మాట మీదైనా చర్చి మెట్ల దగ్గర నలుగురు నాలుగు రకాలుగా గొణుక్కునేవాళ్ళు గానీ, తౌనో గోడ మీద వేళ్ళతో రెండుసార్లు తట్టి "ఇదీ సంగతి" అన్నాక ఇక ఎవరూ నోరెత్తేవారు కాదు. అరవై ఎనిమిదేళ్ళు వచ్చినా ఆ మర్యాద తగ్గలేదు. అతని వంటింట్లో రేడియో పైన అద్దం కట్టిన కాగితం ఒకటి వేలాడుతూ ఉంటుంది. చలికి తట్టుకునేలా పాత ఇళ్ళను కప్పడం పట్నంలో మూడు రోజులు నేర్చుకున్నందుకు ఇచ్చిన కాగితం. ఆ మూడు రోజుల్లో నేర్చుకున్నదాన్ని అతను ముప్పై ఒక్క ఇళ్ళకు ఉన్నదున్నట్టు చేశాడు. ముప్పై రెండోది సైమి ఇల్లు.

జూన్ మొదటి వారం, బంగాళాదుంపలు నాటడం అయిపోయిన రోజుల్లో, సైమి సైకిలు తొక్కుకుంటూ తౌనో వాకిట్లోకి వచ్చింది. వచ్చి, అలవాటు ప్రకారం, ముందు గాలి ఎటు వీస్తోందో చూసుకుంది. తన మీదుగా వచ్చే గాలి ఎవరి మీదికీ పోని చోట, బావి పక్కన, ఎడంగా నిలబడింది. ఆమెకు ఆ అలవాటు ఉందని ఊళ్ళో అందరికీ తెలుసు. తెలియనట్టు ఉండటం కూడా అందరికీ అలవాటే.

"తౌనో, నీకు తీరికైతే ఒకసారి వచ్చి చూస్తావా? మంచం కాలు నేలలోకి దిగిపోయింది."

"ఏ కాలు?"

"ఉత్తరం గోడ వైపుది. పొద్దున లేవబోతుంటే కసక్కున దిగింది. నేనేం అంత లావెక్కలేదు మరి!"

వంటింటి కిటికీలోంచి తౌనో భార్య హిల్యా తల బయటపెట్టింది. "కాఫీ తాగి వెళ్ళు సైమీ!"

"అబ్బే, తాగే వచ్చాను."

ఆ ఊళ్ళో కాఫీ వద్దని మూడుసార్లు అనాలి, నాలుగోసారి లోపలికి రావాలి. సైమి ఒక్కసారే అని సైకిలెక్కేసింది. హిల్యా రెండోసారి పిలవనూ లేదు. ఒకే ఊళ్ళో అన్నేళ్ళు బతికిన పొరుగువాళ్ళ మధ్య ఇంత చిన్న సంగతి ఎంత సుఖంగా జరిగిపోయిందో చూస్తే ఒళ్ళు మండుతుంది.

సైమి ఇంట్లో వాసన ఉంది. తడి గుడ్డ మూటగట్టి మూల పడేసి మరిచిపోతే వస్తుందే, ఆ వాసన. పన్నెండేళ్ళుగా ఉంది. అది ఆమె జుట్టుకు పట్టింది, చర్చిలో పాటల పుస్తకానికి పట్టింది, క్రిస్మస్‌కి ఇరుగుపొరుగుకు పంచే, జడలా అల్లి కాల్చిన జడ రొట్టెకు కూడా పట్టింది. హిల్యా ఏటేటా ఆ రొట్టెను నవ్వుతూ అందుకుని, సైమి మలుపు తిరగ్గానే కోళ్ళకు వేసేది.

తౌనో పనిముట్ల పెట్టె తీసుకుని వెంటనే బయలుదేరాడు. సైమి అతన్ని లోపలికి రమ్మనలేదు. "బయటి నుంచే చూడు, నీకు పుణ్యముంటుంది. నేను కాఫీ మెట్ల మీదికి తెస్తాను" అని తలుపు వేసుకుంది.

పడకగది కిటికీ కింద, అడుగు నుంచి రెండో పలక కిందికి కడ్డీ దూర్చి ఎత్తాడు. పాత పలక ఊడేటప్పుడు మేకులు కీచుమనాలి. ఇవి అనలేదు, వాటంతట అవే ఊడి వచ్చాయి. లోపల పాలిథిన్ పట్టా కనిపించింది. దాని లోపలి ముఖమంతా నీటి బొట్లు. అడుగున సంచిలా ఉబ్బి ఉంటే చాకుతో గీశాడు. నల్లటి నీళ్ళు బుడుక్కున వచ్చి అతని బూట్ల మీద పడ్డాయి. పట్టా వెనక గాజుదూది తడిసి ముద్దయింది. దాని వెనక దుంగ. సైమి అత్తమామల కాలం నాటి పైన్ దుంగ, మేకు దిగాలంటే చెమటలు పట్టించిన దుంగ. తౌనో వేలు పెట్టి నొక్కితే రెండో కణుపు దాకా దిగింది.

చేతిలోని పలకను తిప్పి చూశాడు. వెనక పెన్సిలు రాత ఉంది. పలక మూసే ముందు దాని వెనక పేరూ తేదీ రాయడం అక్కడి వడ్రంగుల ఆనవాయితీ. ఎప్పుడో తన మనవడి వయసువాడు ఇంకో వడ్రంగి విప్పి చదువుకుంటాడని రాస్తారు. దీని మీద ఇలా ఉంది: "తౌ. కెత్తులా, 13 అక్టోబరు 1978. గబగబా కానిచ్చేశా. రేపటి నుంచి దుప్పి వేట."

చెక్క లోపలి ముఖం మీద తడి తగలని చోట ఆ అక్షరాలు నిన్న రాసినట్టే ఉన్నాయి.

పట్టా ఎప్పుడూ వెచ్చటి వైపు వేయాలని పట్నంలో మాస్టారు మూడు రోజుల్లో ముప్పైసార్లు చెప్పాడు. చలికాలంలో ఇంట్లోని ఊపిరి, వంట ఆవిరి, స్నానం తడి అన్నీ గోడలోంచి బయటికి పోవాలని చూస్తాయి. పట్టా లోపలి వైపు ఉంటే అవి గోడలోకే రావు, బయటి వైపు ఉంటే గోడ మధ్యలో చిక్కి, చల్లబడి, నీళ్ళవుతాయి. "చలి వైపు వేశారా, ఆ ఇంటిని మీ చేత్తో మీరే చంపినట్టు" అని కూడా అన్నాడు. తౌనో అది పుస్తకంలో రాసుకుని కింద గీత గీసుకున్నాడు. కాబట్టి తెలియక చేశాడనడానికి లేదు. సైమి ఇంట్లో పట్టా లోపలి వైపు వేయాలంటే గోడ కాగితం చించాలి. నీలి గంటపూల కాగితం. సైమీ, ఆమె భర్త విల్హో కలిసి ఆ వేసవిలోనే అంటించుకున్నారు. అది చించి, పట్టా వేసి, మళ్ళీ అంటించడమంటే రెండు వారాల పని. అటు చూస్తే మర్నాడే వేట మొదలు. బయటి వైపు వేసే తారు కాగితం కూడా అయిపోయింది, బండిలో ఇంకెవరి ఇంట్లోనో మిగిలిన పాలిథిన్ ఉంది. ఒక్క ఇంటికి ఏమవుతుందిలే అనుకున్నాడు. దాన్నే ఇంటి చుట్టూ బయటి నుంచి చుట్టేసి, "విల్హో, ఇక మీ ఇంట్లోకి ఎలుక ఊపిరి కూడా దూరదు" అని భుజం తట్టి వేటకు పోయాడు. ఆ ఏడు దుప్పి కూడా దొరకలేదు.

అంతటితో అయిపోతే పొరపాటు అని సరిపెట్టుకోవచ్చు. కానీ నాలుగేళ్ళ తర్వాత, విల్హో పోయిన మరుసటి చలికాలం, సైమి అతన్ని పిలిచి "ఏదో వాసన వస్తోంది తౌనో, గోడ చూడు" అంది. ఇంట్లోకి అడుగుపెట్టగానే అతనికి ఆ పట్టా గుర్తొచ్చింది. ముక్కు దాకా వచ్చిన నిజం అది. ఊళ్ళో కొట్టు నడిపే ఎల్మా అక్కడే బల్ల దగ్గర కూర్చుని ఉంది, చర్చి కుట్టుపనుల బృందానికి ఊలు ఉండలు పోగుచేస్తూ. ఎల్మా ముందు, ముప్పై రెండు ఇళ్ళు కప్పినవాడు, తప్పు తనదని ఎలా అంటాడు? గోడ మీద రెండుసార్లు తట్టి, "ఇది గోడ తప్పు కాదు సైమీ. నువ్వు దుంపలు మూత పెట్టకుండా ఉడకబెడతావు, తడి బట్టలు పొయ్యి మీద ఆరేస్తావు. ఇల్లు చూసుకోవడంలో ఉంది సంగతి" అన్నాడు. సాయంత్రానికల్లా కొట్టుకు వచ్చిన ప్రతివాళ్ళూ ఉప్పుతో పాటు ఆ మాట కూడా ఇంటికి పట్టుకెళ్ళారు.

మెట్ల మీద అడుగుల చప్పుడైంది. తౌనో పలకను గబుక్కున గోడకు ఆనించాడు, రాత గోడ వైపు ఉండేలా.

"దగ్గరికి రాకు!"

"ఎందుకు? పామా?"

"మేకులున్నాయి."

సైమి ట్రేతో అక్కడే ఆగిపోయింది. సన్నటి మనిషి, చేతులు మాత్రం చాకలి సోడా నీళ్ళతో నేల కడిగి కడిగి ఎర్రగా పొక్కి ఉంటాయి. "ఏముంది లోపల?"

"దుంగ మెత్తబడింది."

"నా బట్టల తడి వల్లేనా?"

ఇదిగో, చెప్పడానికి ఇంతకంటే మంచి సమయం దేవుడైనా ఇవ్వలేడు. చుట్టుపక్కల ఎవరూ లేరు, ఎల్మా లేదు, అడిగిన మనిషి ఎదురుగా ఉంది. తౌనో టోపీ తీసి మళ్ళీ పెట్టుకున్నాడు.

"పాత ఇల్లు సైమీ. పాత చెక్క."

అవునని నేను అనలేదు కదా అని తర్వాత తనకు తాను ఎన్నిసార్లు చెప్పుకున్నాడో లెక్కలేదు. కాదని కూడా అనలేదు. సైమి ఆ అననిదాన్నే జవాబుగా తీసుకుని తల ఊపింది.

"పన్నెండేళ్ళయింది తౌనో, ఒక్క రుమాలు కూడా లోపల ఆరేయలేదు. ఎంత చలైనా బయటే. చొక్కాలు రేకుల్లా బిగుసుకుపోతాయి, వాటి చేతులు విరక్కుండా జాగ్రత్తగా తెచ్చుకోవాలి. దుంపలు బయట విడిగా ఉన్న స్నానాల గది పొయ్యి మీద ఉడకబెడుతున్నా. గడ్డకట్టే రోజుల్లో కూడా కిటికీలు తీసి కూర్చున్నా. అయినా పోలేదు. ఇక నాలోనే ఏదో ఉందనుకున్నా."

తౌనో మోకాలి కింద పెట్టుకోవడానికి చెక్క ముక్క కావాలన్న నెపంతో కట్టెల కొట్టంలోకి తప్పుకున్నాడు. అక్కడ, తలుపు పక్క మేకుకు, పాత దుప్పటి కప్పి ఏదో వేలాడుతోంది. దుప్పటి తొలగిస్తే సైమి నల్ల కోటు, చర్చికి వేసుకునేది. రెండు జేబుల్లోనూ వాసన పట్టకుండా పెట్టిన ఎండు బర్చ్ చెట్టు ఆకులు.

"అక్కడుంటే వాసన పట్టదు" అంది సైమి వెనక నుంచి, తప్పు చేస్తూ దొరికినట్టు. "చలికాలం వేసుకునేటప్పుడు కాస్త ఐసులా ఉంటుందంతే. ఎవరికీ చెప్పకు, ముఖ్యంగా ఎల్మాకి."

"చెప్పను" అన్నాడు తౌనో. ఆ మాట మాత్రం సులువుగా వచ్చింది.

మెట్ల మీద కాఫీ తాగుతుంటే ఆమే మళ్ళీ అంది. "నా అరవయ్యో పుట్టినరోజుకి పేపర్లో ఊళ్ళో ఉండనని వేయించాను, గుర్తుందా?"

అక్కడ అరవై, డెబ్భై నిండితే ఊరు ఊరంతా పూలు పట్టుకుని వస్తుంది. ఇంట్లో ఉంటే కాఫీ పెట్టాలి. వద్దనుకున్నవాళ్ళు ఆ రోజు ప్రయాణంలో ఉంటామని పేపర్లో వేయిస్తారు.

"గుర్తుంది. మీ చెల్లెలి దగ్గరికి వెళ్ళావు."

"ఎక్కడికీ వెళ్ళలేదు. పొయ్యి వెనకాల కూర్చున్నా. మీరంతా వచ్చి పూలు మెట్ల మీద పెట్టారు. నువ్వు గొళ్ళెం కదిపి చూసి, వదులైందన్నావు." సైమి నవ్వింది. "వదులైన మాట నిజమే, మర్నాడే బిగించుకున్నా. ఈ ఆగస్టుకి డెబ్భై. మళ్ళీ ఊళ్ళో ఉండనని వేయించాలి. ఈసారి పొయ్యి వెనకాల కూర్చుంటే లేవగలనో లేదో!"

"వేయించకు" అన్నాడు తౌనో. "ఆగస్టులోపు నేను గోడ బాగుచేస్తా. నాకేమీ ఇవ్వక్కర్లేదు."

సైమి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అతను కప్పులోకి చూస్తూ కూర్చున్నాడు.

ఇంటికి రాగానే హిల్యా అడిగింది. "ఏముందట?"

"కుళ్ళు."

"చెప్పలా! అంత తడి చేస్తే ఇల్లు మాత్రం ఏం చేస్తుంది? పాపం విల్హో ఉన్నన్నాళ్ళూ బాగానే ఉండేది."

"తడి వల్ల కాదేమో."

"మరి దేని వల్ల?"

తౌనో నోరు తెరిచాడు. నలభై రెండేళ్ళ కాపురం. ఈమెకు చెబితే సగం బరువు దిగుతుంది. కానీ హిల్యా చూపు అతని మీద లేదు, అతని తల మీదుగా రేడియో పైనున్న కాగితం మీద ఉంది. వారం వారం ఆ అద్దం తుడిచేది ఆమే. "వంకరగా ఉంది" అని తౌనో లేచి, కాగితం సరిచేసి వచ్చి కూర్చున్నాడు.

మర్నాటి నుంచి రెండు రోజులు ఒక్కడే పనిచేశాడు. ఎవరైనా సాయం వస్తామంటే ఇంకా పని తేలలేదన్నాడు, సైమిని మేకులూ దుమ్మూ అంటూ గోడ దగ్గరికి రానివ్వలేదు. ఇంటి చుట్టూ పలకలన్నీ విప్పి, పట్టా మొత్తం చించి, మూటలు కట్టి, తన పొలం అవతల గొయ్యిలో వేసి తగలబెట్టాడు. నల్లటి పొగ పైకి లేస్తుంటే ఎవరైనా చూస్తారేమోనని దొంగలా అటూ ఇటూ చూశాడు. దొంగలా ఏమిటి, దొంగే. చివరికి పెన్సిలు రాత ఉన్న పలక ఒక్కటే మిగిలింది. దాన్ని చంకలో పెట్టుకుని గొయ్యి దాకా రెండుసార్లు వెళ్ళి రెండుసార్లు వెనక్కి వచ్చాడు. ఎందుకు కాల్చలేకపోయాడో అతనికే తెలియదు. ఆఖరికి సైమి కొట్టంలోనే కట్టెల పేర్పు వెనక దాచాడు, రాత గోడ వైపు తిప్పి.

అప్పుడు ఊరిని పిలిచాడు. అక్కడి పద్ధతి అదే, పెద్ద పని ఉంటే ఒక రోజు అందరూ వచ్చి చేతులు వేస్తారు, ఇంటివాళ్ళు తిండి పెడతారు. పదకొండు మంది వచ్చారు. జాకీలు పెట్టి ఉత్తరం వైపు ఇంటిని నాలుగు వేళ్ళ మందం లేపి, కింది మూడు దుంగలూ తీసేశారు. తీసిన దుంగలు చేతుల్లోనే పొడిపొడిగా రాలిపోతుంటే ఎల్మా మొగుడు రెయినో నవ్వాడు.

"దుంపలు మూత పెట్టకుండా ఉడకబెడితే ఇదిగో ఇట్టా అవుద్ది! మా ఆవిడక్కూడా చూపించాలి."

అందరూ నవ్వారు. బఠాణీ సూపు పోస్తున్న సైమి కూడా నవ్వింది, మెడ దాకా ఎర్రబడి. తౌనో జాకీ సరిగా ఉందో లేదో చూడటానికన్నట్టు వంగి, చాలాసేపు అలాగే ఉండిపోయాడు.

కొత్త దుంగలు పెట్టి, వాటి మధ్య అవిసె నార కుక్కారు. బయట తారు కాగితం వేసి, గాలి ఆడటానికి సందు వదిలి కొత్త పలకలు కొట్టారు. లోపలి వైపు ఆవిరి దూరని కాగితం వేయాలంటే గంటపూల కాగితం చించక తప్పలేదు. రెండు వారాలు పడుతుందని తౌనో పదహారేళ్ళ కిందట భయపడిన పని. తౌనో, సైమి ఇద్దరే చేస్తే, కొత్త కాగితం అంటించడంతో కలిపి రోజున్నర పట్టింది. సైమి పాతదాంట్లోంచి ఒక్క పువ్వు కత్తిరించి పాటల పుస్తకంలో పెట్టుకుంది. తౌనో ఆ మధ్యాహ్నం అన్నం ముట్టలేదు.

జూలై చివరికి వాసన పోయింది. ముందు ఎవరూ నమ్మలేదు. ఎల్మా ఏదో పని కల్పించుకుని వచ్చి, గది మధ్యలో నిలబడి, ముక్కుపుటాలు ఎగరేసి చూసి వెళ్ళింది. ఆ పూట నుంచి తౌనో పేరు మోగిపోయింది. కూలి తీసుకోలేదట. శుభ్రం తెలియని మనిషి ఇల్లని కూడా చూడలేదట. ఒంటరి ఆడమనిషని అంత కష్టపడ్డాడట. పాస్టరుగారు ప్రసంగంలో పేరు చెప్పకుండా చెప్పారు, పేరు అందరికీ తెలిసింది. హిల్యా చర్చి నుంచి వస్తూ అతని చెయ్యి పట్టుకుని నడిచింది, పెళ్ళయిన కొత్తలో నడిచినట్టు. తిట్లు తింటే ఓర్చుకోవచ్చు. ఈ పొగడ్తలు మాత్రం అతని గొంతు దిగలేదు. చెబుదామని సైమి ఇంటి వైపు వెళ్ళిన ప్రతిసారీ ఆమె ముందే ఎదురొచ్చి "నీ రుణం ఎట్టా తీర్చుకోను" అనేది. ఆ మాట విన్నాక చెప్పడం ఇంకాస్త కష్టమయ్యేది.

ఆగస్టు మొదట్లో పేపర్లో పడింది: "డెబ్భై నిండుతున్నాయి. తొమ్మిదో తేదీన ఇంట్లోనే ఉంటాను. కాఫీకి అందరూ రావాలి. సైమి హూతరి."

అందరూ వచ్చారు. గదిలో కుర్చీలు చాలక బల్లలు తెచ్చారు. ఏడు రకాలు చేసిపెట్టింది సైమి: జడ రొట్టె, దాల్చినచెక్క చుట్టలు, జామ్ బిస్కెట్లు, ఇంకా ఏవేవో. ఎప్పటిలాగే బల్ల దగ్గరికి ముందు వెళ్ళడానికి ఎవరూ కదల్లేదు. నువ్వెళ్ళంటే నువ్వెళ్ళని గోడలకు అతుక్కుని నిలబడ్డారు. సైమి తౌనో మోచెయ్యి పట్టుకుని లాక్కెళ్ళింది. "ముందు తౌనోకే. ఇవాళ ఈ ఇంట్లో మొదటి కప్పు ఇతనిది."

ఎల్మా చేతులు చాచి, "నిజమే మరి! తౌనో పుణ్యమా అని సైమి ఇంట్లో కూడా గుండెల నిండా గాలి పీల్చుకుంటున్నాం!" అంది. నవ్వులు. సైమి కాఫీ కెటిలు బల్ల మీద పెట్టి, ఏప్రాను సర్దుకుని నిలబడింది. మాట్లాడుతుందని అందరికీ అర్థమై చప్పుడు ఆగింది.

"నాకు మాట్లాడటం రాదు" అంది సైమి. "ఒక్కటి చెప్పాలి. ఇన్నేళ్ళూ చర్చిలో, కొట్టులో, నా పక్కన కూర్చున్నవాళ్ళు, నిలబడినవాళ్ళు ఓర్చుకున్నారు. ముఖాన ఎవరూ అనలేదు. నాకు ఇల్లు చూసుకోవడం చేతకాలేదు, మంచి ఇంటిని నేనే కుళ్ళబెట్టుకున్నా. మీ అందర్నీ క్షమించమని అడుగుతున్నా."

ఎవరూ "అయ్యో, అదేం మాట" అనలేదు. క్షమాపణ తమకు రావలసిందే అన్నట్టు కొందరు తలలు కూడా ఊపారు. హిల్యా ఊపింది. తౌనో అది చూశాడు.

"నేను చేశాను" అన్నాడు.

"ఏంటీ?" అంది సైమి.

"ఇల్లు నేను కుళ్ళబెట్టాను. గోడలో పాలిథిన్ వేశా, బయటి వైపు. వేయకూడదు. నువ్వు మూత పెట్టి ఉడకబెట్టినా, పెట్టకపోయినా కుళ్ళేదే."

ఎల్మా పకపకా నవ్వింది. "చూశారా మనిషిని! ఆవిడ బాధపడుతుంటే చూళ్ళేక నిందంతా తన నెత్తినేసుకుంటున్నాడు! ఏ కాలం మనిషివయ్యా తౌనో!"

"గోడ మేమూ చూశాంగా, పాలిథినూ లేదు గీలిథినూ లేదు" అన్నాడు రెయినో. ఎవరో చప్పట్లు కొట్టారు. హిల్యా కళ్ళు తుడుచుకుంది. సైమి కూడా అతని వైపు చూసి, "వద్దు తౌనో, నాకోసం అబద్ధం ఆడకు" అంది మెల్లగా.

నిజం చెప్పినా నమ్మనంత మంచివాడైపోయాడు. తౌనో జనాన్ని తోసుకుంటూ బయటికి నడిచాడు. కట్టెల కొట్టంలో పేర్పు వెనక చెయ్యి దూర్చి పలక లాగాడు. తలుపు పక్కన మేకుకు నల్ల కోటు ఇంకా వేలాడుతూనే ఉంది. వాసన పోయినా దాన్ని లోపలికి తెచ్చే ధైర్యం సైమికి రాలేదు.

పలక తెచ్చి ఎల్మా ఒళ్ళో పెట్టాడు. "కొట్టు లెక్కలు చదువుతావుగా, ఇదీ చదువు. పైకి."

ఎల్మా కళ్ళద్దాలు పెట్టుకుంది. "తౌ. కెత్తులా. పదమూడు అక్టోబరు, డెబ్భై ఎనిమిది. గబగబా కానిచ్చేశా. రేపటి నుంచి..." అక్కడ ఆగిపోయింది.

"దుప్పి వేట" అన్నాడు తౌనో. "లోపలి వైపు వేయాలని తెలుసు. గోడ కాగితం చించాలి, రెండు వారాల పని. వేటకు పోవాలని బయట చుట్టేశా. ఈ జూన్‌లో మీరు రాకముందే అంతా పీకి కాల్చేశా."

సైమి ఎవరి వైపూ చూడకుండా అడిగింది.

"నా బట్టల గురించి అన్నావే. అప్పుడు ఎల్మా కూడా ఇక్కడే ఉంది. ఆ రోజు నీకు తెలుసా?"

"అనుమానం వచ్చింది."

"అనుమానమా? తెలుసా?"

తౌనో తల దించుకున్నాడు. "తెలుసు."

సైమి బయటికి వెళ్ళింది. కిటికీలోంచి అందరూ చూస్తూనే ఉన్నారు, ఆమె వాకిలి దాటి కొట్టంలోకి వెళ్ళడం, చేతుల మీద నల్ల కోటు వేసుకుని రావడం. గుమ్మం పక్కన కోట్లు తగిలించే మేకులన్నీ నిండి ఉన్నాయి. పొయ్యికి దగ్గరగా ఉన్న మొదటి మేకుకు తౌనో కోటు ఉంది. వచ్చినప్పుడు సైమే తీసుకుని అక్కడ తగిలించింది. ఆమె దాన్ని తీసి, దుమ్ము దులిపి, అతని చేతికి ఇచ్చింది.

"నీ కోటు, తౌనో."

ఆ మాటలో కోపం లేదు. కోపంగా అని ఉంటే ఎంత బాగుండేదో అతనికి తర్వాత చాలా రోజులు అనిపించింది. ఖాళీ అయిన మేకుకు ఆమె తన కోటు తగిలించింది. జేబుల్లోంచి ఎండుటాకులు తీసి పొయ్యిలో వేసింది. "కాఫీ చల్లారిపోతోంది" అని అందరి వైపు తిరిగింది. ముందుగా కదిలింది హిల్యా. మొగుడి ముఖం చూడకుండా బల్ల దగ్గరికి వెళ్ళి, పెద్ద జడ రొట్టె ముక్క తీసుకుని, నిలబడే తినడం మొదలుపెట్టింది.

తౌనో కోటు చేత్తో పట్టుకునే రోడ్డెక్కాడు. వెనక కప్పుల చప్పుడు, మాటలు మొదలయ్యాయి. మలుపు దగ్గర, ఆలస్యంగా పూలు పట్టుకుని సైకిళ్ళ మీద వస్తున్న ఇద్దరు ఎదురయ్యారు. "అప్పుడే వెళ్తున్నావేం తౌనో? కాఫీ అయిపోయిందా?" అని పలకరించారు. వాళ్ళకింకా తెలియదు. అతను ముందు గాలి ఎటు వీస్తోందో చూసుకుని, రోడ్డు దిగి, ఎడంగా నిలబడి జవాబు చెప్పాడు.

"వెళ్ళండి, ఇంట్లోనే ఉంది."